వాల్ట్ డిస్నీ, ఆయన కాలపు యానిమేషన్ సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్నీ పేరుతో ఇప్పటికీ ఏటా సినిమాలు వస్తూనే ఉన్నాయి. ఈ పేజీ మాత్రం వాల్ట్ డిస్నీ స్వయంగా దగ్గరుండి తీయించిన వాటి గురించే, అంటే 1937 నాటి ‘స్నో వైట్’ మొదలు ఆయన పోయాక 1967లో విడుదలైన ‘ద జంగిల్ బుక్’ దాకా. తర్వాతి సినిమాల ప్రస్తావన అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

ఈ సినిమాల్లో బొమ్మలన్నీ వాల్ట్ డిస్నీయే గీసేవారా?

లేదు. మొదట్లో గీసేవారు. కాన్సాస్ సిటీలో పనిచేసిన రోజుల్లోనూ, 1923లో అన్న రాయ్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో పెట్టిన కొత్తలోనూ స్వయంగా యానిమేషన్ చేశారు. కొద్దికాలానికే పెన్సిల్ పక్కన పెట్టేశారు. తనకంటే బాగా, తనకంటే వేగంగా గీసేవాళ్లు తన దగ్గరే ఉన్నారని ఆయనకి తెలుసు. వాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది అబ్ ఐవర్క్స్ గురించి. మిక్కీ కోసం మొదట తయారుచేసిన కార్టూన్ ‘ప్లేన్ క్రేజీ’ని దాదాపు ఒంటిచేత్తో గీసింది ఆయనే.

వాల్ట్ చేసింది వేరే పని. కథ కూర్చేవారు, నటించి చూపించేవారు, నచ్చకపోతే ఎంత ఖర్చయిన సన్నివేశమైనా పక్కన పడేయించేవారు. కథా చర్చలు జరుగుతున్నప్పుడు స్టెనోగ్రాఫర్లు కూర్చుని ప్రతి మాటా రాసుకునేవారు. ఆ రికార్డులు చూస్తే ఆయన పట్టు ఎక్కడుందో తెలుస్తుంది. ఏ పాత్ర ఎప్పుడు ఎవరివైపు చూడాలి, ఎంతసేపు ఆగాలి, ప్రేక్షకుడికి ఈ సంగతి ముందే తెలియాలా వద్దా అన్నవే ఆయన అడిగే ప్రశ్నలు. 1934లో ఒక సాయంత్రం తన కళాకారులందర్నీ స్టూడియోలో కూర్చోబెట్టి ‘స్నో వైట్’ కథంతా, రాణి నుంచి మరుగుజ్జుల దాకా, ఒక్కరే నటించి చూపించారు. తర్వాతి మూడేళ్లూ ఆ నటనే తమకి ఆధారమైందని వాళ్లలో చాలామంది చెప్పుకున్నారు.

మిక్కీ గొంతు మాత్రం ఆయనదే. 1928 నుంచి 1940ల నడుమ వరకు ఆ సన్నటి గొంతు ఆయనే ఇచ్చారు.

స్టూడియో మిక్కీ మౌస్‌తోనే మొదలైందా?

కాదు. కాన్సాస్ సిటీలో పెట్టిన ‘లాఫ్-ఓ-గ్రామ్’ కంపెనీ 1923లో దివాలా తీసింది. అదే ఏడాది అక్టోబర్ 16న న్యూయార్క్ పంపిణీదారు మార్గరెట్ వింక్లర్‌తో ‘ఆలిస్’ కామెడీలకి ఒప్పందం కుదిరింది. నిజమైన పాపని కార్టూన్ లోకంలో తిప్పే చిన్న సినిమాలవి. ఆ సంతకం రోజునే స్టూడియో పుట్టినరోజుగా లెక్కపెడతారు. 1927లో ఓస్వాల్డ్ అనే కుందేలు వచ్చింది, బాగా ఆడింది. 1928లో ఎక్కువ డబ్బు అడుగుదామని వాల్ట్ న్యూయార్క్ వెళ్తే, పంపిణీదారు చార్లెస్ మింట్జ్ అప్పటికే ఆయన యానిమేటర్లలో చాలామందిని తనవైపు తిప్పుకున్నారని తేలింది. పాత్ర హక్కులు యూనివర్సల్‌వి కాబట్టి వాల్ట్ చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ దెబ్బ తర్వాత పుట్టిందే మిక్కీ. అప్పటినుంచి తన పాత్రల హక్కులు ఆయన మరొకరి చేతికి పోనివ్వలేదు. ఓస్వాల్డ్ 2006లో మళ్లీ డిస్నీకి చేరింది. అల్ మైకేల్స్ అనే క్రీడా వ్యాఖ్యాతని, అప్పటికి యూనివర్సల్‌తో ఒకే సంస్థగా ఉన్న ఎన్‌బీసీ టీవీకి వదులుకుని ఆ కుందేలుని వెనక్కి తెచ్చుకున్నారు.

‘స్టీమ్‌బోట్ విల్లీ’ ప్రపంచంలో మొదటి శబ్ద కార్టూనా?

కాదు. ఫ్లైషర్ సోదరులు అంతకు కొన్నేళ్ల ముందే శబ్దంతో కార్టూన్లు తీశారు. 1928 నవంబర్ 18న న్యూయార్క్ కాలనీ థియేటర్‌లో పడిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ గొప్పదనం శబ్దం ఉండటంలో కాదు, శబ్దానికి లెక్కకట్టి బొమ్మ గీయడంలో ఉంది. ఒక్కో తాళానికి ఇన్ని ఫ్రేములని ముందే నిర్ణయించుకుని కదలికలు గీశారు. రికార్డింగ్‌కి వెళ్తే మొదటిసారి వాద్యబృందం తెరమీది బొమ్మతో కలవలేదు, డబ్బంతా వృథా అయింది. రెండోసారి ఫిల్మ్ మీదే ఎగిరే బంతిలాంటి గుర్తు గీసి, నిర్వాహకుడు దాన్ని చూస్తూ తాళం వేసేలా చేశారు. అప్పుడు కుదిరింది. ఆ రెండో రికార్డింగ్ ఖర్చుకి వాల్ట్ తన కారు అమ్ముకున్నారు.

ఒక సినిమాకి ఎన్ని బొమ్మలు గీయాలి?

లెక్క వేసి చూద్దాం. ‘స్నో వైట్’ నిడివి 83 నిమిషాలు. సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 1,440. మొత్తం దాదాపు 1,19,500 ఫ్రేములు. అయితే ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ అక్కర్లేదు. మామూలు కదలికలకి ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు తీస్తారు కాబట్టి సెకనుకి 12 చాలు. వేగంగా పరిగెత్తే పాత్రకి, కెమెరా పక్కకి జరుగుతుండగా నడిచే పాత్రకి మాత్రం ఫ్రేముకొకటి గీయాల్సిందే. నేపథ్యం ప్రతి ఫ్రేముకీ జరుగుతూ బొమ్మ రెండు ఫ్రేములకోసారి జరిగితే, పాదాలు నేలమీద నిలవకుండా జారుతూ వణుకుతాయి. ఇదంతా ఒక్క పాత్రకే. తెరమీద ఏడుగురు మరుగుజ్జులుంటే ఏడు రెట్లు.

పని సాగే వరస ఇలా ఉండేది. కథని చిన్న చిన్న బొమ్మలుగా గీసి బోర్డు మీద పిన్నులతో గుచ్చుతారు. సంభాషణలు ముందే రికార్డు చేస్తారు. ఏ అక్షరం ఏ ఫ్రేములో పలుకుతుందో పట్టికలో రాసుకుంటారు. యానిమేటర్ ముఖ్యమైన భంగిమలు గీస్తారు, సహాయకులు గీత శుభ్రం చేసి మధ్య బొమ్మలు నింపుతారు. పెన్సిల్ బొమ్మలనే ఫిల్మ్ మీద తీసి వేసి చూసుకుంటారు. ‘స్వెట్‌బాక్స్’ అని పిలిచే చిన్న గదిలో వాల్ట్ కూర్చుని చూసేది ఈ పెన్సిల్ టెస్టులనే. పేరుకి తగ్గట్టే అక్కడ అందరికీ చెమటలు పట్టేవి. అది ఒప్పుకున్నాకే సెల్ మీదికి వెళ్లేది.

సెల్ అంటే పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటు. గీత ముందువైపు సిరాతో, రంగు వెనకవైపు వేస్తారు. అలా చేస్తే కుంచె జాడ కనబడదు, రంగు గీత మీదికి ఎక్కదు. ఈ విభాగంలో పనిచేసింది దాదాపు అందరూ ఆడవాళ్లే. చిన్న వణుకు కూడా లేకుండా వందల గీతలు వరసగా దింపిన ఆ చేతులకి ఆ రోజుల్లో టైటిల్స్‌లో చోటు దక్కలేదు.

ఇక్కడ బయటికి తెలియని చిక్కొకటి ఉంది. సెల్ పూర్తిగా పారదర్శకం కాదు, దానికి కాస్త మసక రంగు ఉంటుంది. నాలుగు సెల్స్ ఒకదానిమీద ఒకటి పెడితే, అడుగున ఉన్న పాత్ర ఎర్ర చొక్కా పైన ఉన్న పాత్ర ఎర్ర చొక్కా కంటే మురికిగా కనిపిస్తుంది. అందుకని ఒకే రంగుని ఏ పొరకి ఆ పొరకి వేరే ఛాయలో కలిపి ఉంచుకునేవారు. షాట్ మధ్యలో ఒక పాత్ర వెళ్లిపోతే దాని స్థానంలో ఖాళీ సెల్ పెట్టి పొరల సంఖ్య మారకుండా చూసేవారు. లేకపోతే ఆ ఫ్రేము దగ్గర తెరంతా ఒక్కసారి తేటపడి మినుక్కుమంటుంది.

మల్టీప్లేన్ కెమెరా ఏం చేస్తుంది?

చదునైన ఒకే చిత్రంలో చెట్లు, ఇల్లు, పైన చంద్రుడు ఉన్నాయనుకోండి. కెమెరా దగ్గరికి తీసుకెళ్తే చెట్లతోపాటు చంద్రుడూ పెరుగుతాడు. నిజజీవితంలో మనం ఇంటివైపు నడిస్తే చంద్రుడు పెరగడు కదా. మల్టీప్లేన్‌లో చెట్లు, ఇల్లు, ఆకాశం వేర్వేరు గాజు పలకల మీద గీసి, మధ్యలో ఖాళీ వదిలి ఒకదానికింద ఒకటి అమరుస్తారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తుంది. దగ్గరి పలకని వేగంగా, దూరపు పలకని నెమ్మదిగా జరుపుతారు, చంద్రుడున్న పలకని కదపరు. డిస్నీ యంత్రంలో ఏడు పొరల దాకా పట్టేవి. మొదట 1937లో ‘ది ఓల్డ్ మిల్’ అనే చిన్న సినిమాలో వాడారు.

అయితే దీన్ని మొదట కనిపెట్టింది డిస్నీ అనడం పొరపాటు. జర్మనీలో లాట్టే రైనిగర్ 1920లలోనే పొరలు పేర్చి నీడబొమ్మల సినిమా తీశారు. ఐవర్క్స్ కూడా డిస్నీని వదిలి వెళ్లిన రోజుల్లో తనదైన యంత్రం తయారుచేసుకున్నారు. డిస్నీది వాటన్నిటికంటే పెద్దది, కచ్చితమైనది. దాంతో పని మహా కష్టం. ఒక్కో ఫ్రేముకి ప్రతి పలకనీ కొలత ప్రకారం జరపాలి, ఒక్కో పొరకి వెలుగు విడిగా సరిచూడాలి. గాజు మీద దుమ్ము, దీపాల ప్రతిబింబం, ఏది తప్పినా షాట్ మొదటినుంచి తీయాల్సిందే. అందుకే ఖరీదైన షాట్లకే దాచుకునేవారు. ‘పినోకియో’లో తెల్లవారుతుండగా గంటల గోపురం నుంచి ఊరి ఇళ్ల కప్పుల మీదుగా వీధిలోకి దిగే షాట్ చూడండి. ఆ యంత్రం నుంచి ఎంత రాబట్టవచ్చో అందులో తెలుస్తుంది.

మొదటిసారి చూసేవాళ్లు ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

విడుదలైన వరసలో చూడమని మేం చెప్పం. ‘డంబో’తో మొదలుపెట్టండి. 64 నిమిషాలే. ‘పినోకియో’, ‘ఫాంటాసియా’ నష్టాలు తెచ్చాక తక్కువ ఖర్చులో, 1941లో వచ్చిన సినిమా ఇది. నేపథ్యాలు నీటిరంగులవి, కథ తిన్నగా సాగుతుంది. సంకెళ్లతో బండిలో ఉన్న తల్లి ఏనుగు కిటికీ ఊచల్లోంచి తొండం బయటికి చాపి పిల్లని ఊపే సన్నివేశంలో డంబోకి మాటలే లేవు. గున్న ఏనుగుని గీసిన బిల్ టైట్లా తన చిన్న కొడుకుని గమనించి ఆ కదలికలు పట్టారు.

తర్వాత ‘పినోకియో’, ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి చూస్తే ఇరవై ఏళ్లలో గీత ఎంత మారిందో కళ్లకి కడుతుంది. ‘స్నో వైట్’ నాలుగోది. దాని చారిత్రక విలువ తెలియాలంటే ముందు మిగతావి చూసి ఉండటం మేలు. ‘ఫాంటాసియా’ని ఒకే విడతలో చూడక్కర్లేదు, ఒక్కో సంగీత ఖండం ఒక్కో రోజు చాలు.

వీటన్నిటిలో గొప్పది ఏది?

పనితనం చూస్తే ‘పినోకియో’. ఇందులో మాకు సందేహం లేదు. చేతి యానిమేషన్‌లో నీరు, పొగ, గాజు, నీటి అడుగు వెలుగు ఇంత బరువుతో మళ్లీ రాలేదు. తిమింగలం మోన్‌స్ట్రో వెంటపడే ఘట్టంలో అల విరిగి నురగ జాలులా పరుచుకునే తీరు ఒక్కసారి ఆపి ఆపి చూడండి.

ఇది అంత తేలిగ్గా రాలేదు. 1938లో పని సగంలో ఉండగా వాల్ట్ ఆపించేశారు. పినోకియో మరీ కొయ్యబొమ్మలా, పెంకిగా ఉన్నాడు, వాడిమీద జాలి కలగడం లేదు. మిల్ట్ కాల్ వాణ్ని ముందు పిల్లవాడిగా గీసి, తర్వాత కొయ్య కీళ్లు తగిలించారు. మూల కథలో మొదట్లోనే చచ్చిపోయే కీచురాయిని వార్డ్ కింబాల్ చేతిలో పెట్టి కథకుడిగా, అంతరాత్మగా పెంచారు. 1940 ఫిబ్రవరిలో విడుదలయ్యేసరికి యూరప్‌లో యుద్ధం. అక్కడి మార్కెట్లు మూసుకుపోయి పెట్టుబడి రాలేదు. పాటకీ సంగీతానికీ రెండు ఆస్కార్లు వచ్చాయి.

‘స్నో వైట్’ని ‘డిస్నీ పిచ్చిపని’ అన్నారట, నిజమేనా?

హాలీవుడ్‌లో అలాగే అనుకునేవారు. ఏడెనిమిది నిమిషాల కార్టూన్‌కి అలవాటుపడిన జనం గంటన్నర కూర్చోరని నమ్మకం. ఖర్చు దాదాపు 15 లక్షల డాలర్లకి చేరింది. చివర్లో డబ్బు చాలక బ్యాంక్ ఆఫ్ అమెరికా అధికారికి సగం పూర్తయిన సినిమా, సగం పెన్సిల్ బొమ్మలు కలిపి చూపించి అప్పు తెచ్చారు. 1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలెస్ కార్తే సర్కిల్ థియేటర్‌లో విడుదలైంది. తర్వాత ఆస్కార్ వేదిక మీద వాల్ట్‌కి ఒక పెద్ద ప్రతిమ, మెట్లమీద పేర్చినట్టు ఏడు చిన్న ప్రతిమలు ఇచ్చారు. ఆయనకి మొత్తం వచ్చిన ఆస్కార్లు, గౌరవ పురస్కారాలతో కలిపి, 26. ఇప్పటికీ ఒక వ్యక్తికి వచ్చిన వాటిలో ఇదే ఎక్కువ.

‘బాంబి’లో అడవి అంత మెత్తగా ఎలా ఉంది?

టైరస్ వాంగ్ అనే చైనీస్ అమెరికన్ చిత్రకారుడి వల్ల. అంతకుముందు ఆకు ఆకు గీసేవారు, జింకలు ఆ ఆకుల్లో కలిసిపోయేవి. వాంగ్ ఫ్రేము మధ్యలో మాత్రమే వివరం ఉంచి అంచుల్ని మసకలోకి వదిలేశారు. యానిమేటర్ల కోసం స్టూడియోకి రెండు జింకపిల్లల్ని తెప్పించారు, జంతువుల ఎముకల అమరిక మీద పాఠాలు చెప్పించారు. వేటకుక్కలు తరిమే భీకరమైన ఘట్టం రెట్టా స్కాట్‌ది. డిస్నీ సినిమాలో యానిమేటర్‌గా పేరు పడిన తొలి మహిళ ఆమె.

1961 తర్వాత సినిమాల్లో గీత గరుకుగా ఎందుకు ఉంటుంది?

సిరా గీత పోయి జిరాక్స్ వచ్చింది కాబట్టి. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’కి 60 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి, మొదటి విడుదలలో రాలేదు. నేపథ్య చిత్రకారుడు ఐవిండ్ అర్ల్ ప్రతి చెట్టుబెరడునీ పాత అల్లిక తెరల్లా గీయించారు, పాత్రలు కూడా ఆ శైలికి తగ్గట్టు నిలువు గీతల్లోకి మారాయి. వెడల్పాటి 70 ఎంఎం తెరకి గీయాలి కనుక బొమ్మలు పెద్దవి, పని రెట్టింపు. ఆ సినిమా తర్వాత స్టూడియోలో చాలామంది ఉద్యోగాలు పోయాయి.

అప్పటికి మళ్లీ డిస్నీ దగ్గరికి వచ్చేసిన అబ్ ఐవర్క్స్, జిరాక్స్ పద్ధతిని సెల్‌కి అనువుగా మార్చారు. విద్యుదావేశం ఇచ్చిన పలక మీద పెన్సిల్ బొమ్మ వెలుగు పడుతుంది. గీతలున్న చోట పొడి అంటుకుంటుంది. దాన్ని సెల్ మీదికి దించి స్థిరపరుస్తారు. ఇంకింగ్ దశ మొత్తం తప్పిపోయింది. ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’ దీనివల్లే సాధ్యమైంది. స్టూడియో అప్పట్లో ప్రకటించిన లెక్క ప్రకారం సినిమా మొత్తంలో మచ్చలు 64,69,952. పాంగోకి 72, పెర్డిటాకి 68, ఒక్కో పిల్లకి 32. ఇవన్నీ చేత్తో సిరా పోయడం అయ్యే పని కాదు.

ఈ పద్ధతి మొదట్లో నల్లగీతకి తప్ప పనికిరాలేదు. పెన్సిల్ అచ్చంగా దిగుతుంది కాబట్టి చెరపని అడ్డగీతలూ దిగుతాయి. వాల్ట్‌కి ఈ రూపం నచ్చలేదు, కళాదర్శకుడు కెన్ ఆండర్సన్ మీద చాలాకాలం కినుకగా ఉన్నారు. మా మాట వేరు. మార్క్ డేవిస్ గీసిన క్రూయెల్లా చేతివిసుర్లలో గీత ప్రాణంతో ఉందంటే అది ఆ పెన్సిల్ సిరాలో చల్లారిపోకుండా నేరుగా తెరకి రావడం వల్లే.

‘ద జంగిల్ బుక్’ కిప్లింగ్ కథకి ఎందుకంత దూరంగా ఉంటుంది?

వాల్ట్ అలాగే కావాలన్నారు. 1894 నాటి కిప్లింగ్ పుస్తకంలోని చీకటిని పట్టుకుని బిల్ పీట్ కథ రాస్తే వాల్ట్ ఒప్పుకోలేదు. పీట్ స్టూడియో వదిలి వెళ్లిపోయారు. కొత్తగా కూర్చున్న కథకులకి పుస్తకం చదవొద్దనే చెప్పారు. పుస్తకంలో బాలూ అడవి ధర్మం నేర్పే కఠినమైన గురువు, సినిమాలో పాటపాడే సోమరి. పుస్తకంలో కొండచిలువ కా మౌగ్లీకి మిత్రుడు, సినిమాలో విలన్. కిప్లింగ్ కోతులకి రాజే లేడు, అదే వాటి అవలక్షణం. సినిమాలోని కింగ్ లూయీ ఒరాంగుటాన్, మన దేశపు అడవుల్లో లేని జంతువు.

కథ సన్నగా ఉందన్నది నిజం. సినిమాని నిలబెట్టింది పాత్రల నడక, గొంతులు. ముందు బాలూ గొంతుకి ఫిల్ హారిస్‌ని, పులి షేర్ ఖాన్ గొంతుకి జార్జ్ శాండర్స్‌ని ఎంచుకుని వాళ్ల మాటతీరు చుట్టూ పాత్రలు గీశారు. షేర్ ఖాన్ నడిచేటప్పుడు భుజం ఎముక వీపుకంటే పైకి లేచి, ఆ వెంటనే బరువు ముందరి పంజా మీదికి దిగుతుంది. మిల్ట్ కాల్ గీత అది. గర్జించకుండానే భయం పుట్టిస్తుంది. 1967 అక్టోబర్‌లో సినిమా విడుదలైంది. వాల్ట్ చూడలేదు.

చిన్నప్పుడు ఆదివారం దూరదర్శన్‌లో వచ్చిన జంగిల్ బుక్ ఇదేనా?

కాదు. అది జపాన్‌కి చెందిన నిప్పన్ యానిమేషన్ 1989లో తీసిన 52 భాగాల సీరియల్. దూరదర్శన్‌లో హిందీలో వచ్చింది, గుల్జార్ పాటతో. దానికీ డిస్నీకీ సంబంధం లేదు. డిస్నీవి దూరదర్శన్‌లో హిందీలో వచ్చినవి ‘డక్ టేల్స్’, ‘టేల్‌స్పిన్’. రెండోదాంట్లో విమానం నడిపే బాలూ మాత్రం 1967 సినిమా నుంచి వచ్చినవాడే.

టామ్ అండ్ జెర్రీ?

డిస్నీది కాదు. ఎంజీఎంలో విలియం హానా, జోసెఫ్ బార్బెరా సృష్టి. బగ్స్ బన్నీ వార్నర్ బ్రదర్స్‌ది.

1941 సమ్మె సంగతేమిటి?

వాల్ట్ గురించి మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే ఈ పేజీకి అర్థం లేదు. ‘స్నో వైట్’ లాభాలతో బర్‌బ్యాంక్‌లో కొత్త స్టూడియో కట్టారు. అక్కడ జీతాలకి ఒక పద్ధతంటూ లేదు. పక్కపక్క బల్లల మీద ఒకే పని చేసేవాళ్ల మధ్య కొన్ని రెట్ల తేడా. టైటిల్స్‌లో పేర్లు కొద్దిమందికే. యూనియన్‌లో చేరిన ఆర్ట్ బాబిట్ అనే పెద్ద యానిమేటర్‌ని తీసేయడంతో 1941 మే చివర్లో సమ్మె మొదలైంది. వాల్ట్ దీన్ని సొంత ద్రోహంగా తీసుకున్నారు. చివరికి ఆయన దక్షిణ అమెరికా పర్యటనలో ఉండగా యూనియన్‌కి అనుకూలంగా తేలింది. 1947లో అమెరికా పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిస్తూ, సమ్మె నాయకుల్ని కమ్యూనిస్టులుగా పేర్లు పెట్టి చెప్పారు. బయటికి వెళ్లినవాళ్లలో కొందరు యూపీఏ స్టూడియోలో చేరి, చదునైన ఆధునిక శైలితో 1950ల యానిమేషన్‌ని మలుపు తిప్పారు.

ఆయన వదిలి వెళ్లినదాంట్లో ఇప్పటికీ పనికొచ్చేది ఏమిటి?

నేర్పించే పద్ధతి. పార్కులు, మిక్కీ చెవుల టోపీలు తర్వాతి మాట. 1932 నుంచి చూనార్డ్ కళాశాల అధ్యాపకుడు డాన్ గ్రాహం చేత స్టూడియో ఉద్యోగులకి సాయంత్రం తరగతులు పెట్టించారు. కార్టూన్ గీసేవాళ్లు నిజమైన మనిషిని, జంతువుని చూసి గీయాలని పట్టుబట్టారు. అప్పటికి ఏ కార్టూన్ స్టూడియో చేయని ఖర్చు అది. ఆ తరగతుల్లోంచి వచ్చిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో యానిమేషన్ 12 సూత్రాలు రాశారు. ఈ రోజు కంప్యూటర్ మీద త్రీడీ చేసేవాళ్లు కూడా మొదట నేర్చుకునేవి అవే.

చూనార్డ్ కళాశాలని, ఒక సంగీత విద్యాలయాన్ని కలిపి 1961లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్ ఏర్పాటయ్యేలా చేశారు. తర్వాత పిక్సార్‌లో పేరు తెచ్చుకున్న జాన్ లాసెటర్, బ్రాడ్ బర్డ్ అక్కడి విద్యార్థులే.

మన దేశానికీ ఒక దారం ఉంది. ఇక్కడే పుట్టి డిస్నీలో యానిమేటరైన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగానికి శిక్షణ ఇచ్చారు. 1957లో జాతక కథతో ‘ద బన్యన్ డీర్’ వచ్చింది. భారతీయ యానిమేషన్‌కి పెద్దదిక్కైన రామ్ మోహన్ ఆ బృందంలో పాఠాలు నేర్చుకున్నారు.

ఆయన శరీరాన్ని మంచులో భద్రపరిచారట?

అబద్ధం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1966 డిసెంబర్ 15న చనిపోయారు, విపరీతంగా సిగరెట్లు కాల్చేవారు. దహనం చేసి, అస్థికలు గ్లెన్‌డేల్ ఫారెస్ట్ లాన్‌లో ఉంచారు.

ఈ సినిమాలు తెలుగులో ఉన్నాయా?

వాల్ట్ కాలపు వాటిలో అన్నిటికీ తెలుగు ఆడియో ఉండదు. యాప్‌లో సినిమా తెరిచాక ఆడియో మెనూ చూసుకోవడమే మార్గం. తెలుగు డబ్బింగ్ మీద శ్రద్ధ పెరిగింది ఈమధ్యే. 2019 నాటి ‘ద లయన్ కింగ్’లో సింబాకి నాని, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ గొంతులిచ్చారు. పాత వాటిని చిన్నపిల్లలకి చూపించాలంటే పెద్దవాళ్లు పక్కన కూర్చుని కథ చెబుతూ చూపించడం మేలు. మాటలు తక్కువున్న ‘డంబో’, ‘బాంబి’, ‘ఫాంటాసియా’ ఇందుకు అనువైనవి.

పిల్లలు ఏ వయసులో చూడొచ్చు?

అయిదేళ్ల లోపు వాళ్లకి ‘పినోకియో’ వద్దు. అబ్బాయి గాడిదగా మారుతూ అమ్మా అని అరిచే ఘట్టం పెద్దల్నే కదిలిస్తుంది. ‘బాంబి’లో తల్లి చావు తెరమీద కనబడదు, తుపాకీ చప్పుడు, తర్వాత మంచు. ముందే చెప్పి చూపించండి. ‘డంబో’లోని కాకులు, ‘పీటర్ పాన్’లోని అమెరికా ఆదివాసులు అప్పటి జాతివివక్షతో గీసినవి. ఎందుకు తప్పో పిల్లలకి చెప్పాలి. ‘సాంగ్ ఆఫ్ ద సౌత్’ని అయితే డిస్నీయే బయట పెట్టడం మానేసింది.

టీవీలో చూస్తే ఏ సెట్టింగులు మార్చాలి?

రెండు. మొదట మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు. సెకనుకి 12 బొమ్మల మధ్య టీవీ తనంతట తను ఫ్రేములు కల్పిస్తే గీతలు చెదిరి, వేళ్ల చుట్టూ మసక పడుతుంది. రెండోది, తెర నిండా సాగదీసే జూమ్ వాడకండి. 1953 వరకు వచ్చినవి దాదాపు చతురస్రపు తెరకి గీసినవి, రెండు పక్కలా నల్లపట్టీలు ఉండాల్సిందే. ‘లేడీ అండ్ ద ట్రాంప్’, ‘స్లీపింగ్ బ్యూటీ’లకి పట్టీలు పైనా కిందా వస్తాయి.

డిస్క్ కొనేవాళ్లకి ఒక సూచన. ‘సిండరెల్లా’ పాత డిజిటల్ ప్రతుల్లో ఫిల్మ్ మీద సహజంగా ఉండే సన్నటి చుక్కల్ని (గ్రెయిన్) తుడిచేటప్పుడు సన్నగీతలు కూడా పోయాయి. 2023 నాటి 4కె ప్రతి చాలా నయం.

మిక్కీ బొమ్మని మా యూట్యూబ్ వీడియోలో వాడుకోవచ్చా?

‘స్టీమ్‌బోట్ విల్లీ’ అమెరికాలో 2024 జనవరి 1న కాపీరైట్ దాటింది. అందులోని నలుపు తెలుపు మిక్కీ వరకే స్వేచ్ఛ. తర్వాత వచ్చిన కథలు, రంగులు, రూపాలకి గడువు వేరే. డిస్నీయే తయారుచేసిందని జనం పొరబడేలా వాడితే ట్రేడ్‌మార్క్ చట్టం అడ్డొస్తుంది, దానికి గడువు లేదు. ‘స్నో వైట్’ సినిమాకి అమెరికాలో 2033 దాకా ఆగాలి.

ఇంట్లో పిల్లలతో చేతి యానిమేషన్ చేయించడం ఎలా?

ఎగిరే బంతితో మొదలుపెట్టండి. డిస్నీలోనూ కొత్తవాళ్లు ఇక్కడినుంచే మొదలుపెట్టేవారు. ఎ4 కాగితాలు ఆరు తెచ్చి సగానికి కోస్తే 12 వస్తాయి. ఆఫీసు పంచింగ్ మిషన్‌తో అన్నిటికీ ఒకే చోట రెండు రంధ్రాలు చేసి, అట్టకి గట్టిగా బిగించిన రెండు పొట్టి పెన్సిల్ ముక్కలకి తగిలించండి. ఈ అమరిక లేకపోతే కాగితాలు జరిగి బంతితోపాటు నేల కూడా ఊగుతుంది. పగలు కిటికీ అద్దానికి ఆనిస్తే కింది బొమ్మ కనిపిస్తుంది.

1వ కాగితం మీద బంతి పైన, 6వ దానిమీద నేలకి తగిలి, 12వ దానిమీద మళ్లీ పైన, దాదాపు మొదటి చోటులోనే. పైన ఉన్నప్పుడు బొమ్మల మధ్య దూరం తక్కువ, నేల దగ్గర ఎక్కువ. 5వ బొమ్మలో బంతి కాస్త పొడుగ్గా సాగాలి, 6లో చపటగా నొక్కుకోవాలి, 7లో మళ్లీ సాగాలి. సాగినప్పుడు సన్నబడాలి, నొక్కుకున్నప్పుడు వెడల్పవ్వాలి. మొత్తం పరిమాణం మారకూడదు, మారితే బంతి ఉబ్బి తగ్గుతున్నట్టు ఉంటుంది.

ఫోన్‌ని కదలకుండా బిగించి, ఏదైనా స్టాప్ మోషన్ యాప్‌లో సెకనుకి 12 ఫ్రేములు పెట్టి ఒక్కో కాగితానికి ఒక్కో ఫొటో తీయండి. ముందు తెరమీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయాలి, లేకపోతే ఫ్రేముకో వెలుగుతో మినుకుమినుకుమంటుంది. కిటికీ ఎండ కూడా మారుతుంది కాబట్టి కర్టెన్ వేసి ట్యూబ్‌లైట్ కింద తీయడం నయం.

బంతి గాల్లో తేలుతున్నట్టు ఉంటే బొమ్మల మధ్య దూరాలు సమానంగా పడ్డాయని అర్థం. 3, 4, 5 కాగితాలు మళ్లీ గీయండి. రాయిలా పడి ఆగిపోతే 6వ బొమ్మ సరిగా నొక్కుకోలేదు. బంతి బాగానే ఎగిరి నేలకి తగిలినప్పుడు మాత్రం అతుక్కున్నట్టు ఉంటే, నొక్కుకున్న బొమ్మ రెండు ఫ్రేములు పడిందేమో చూసి ఒకటి తీసేయండి.